ఊడకు గ్రీకు పేరు

మంగళవారం

పోయిన ఏడు రైతుల మీటింగులో నాయన వేరుశనగ పువ్వు నుంచి నేలలోకి దిగే ఊడల గురించి అడిగితే, వ్యవసాయాధికారి అందరి ముందూ నవ్వాడు. "ఊడ కాదు పెద్దాయనా, గైనోఫోర్ అనాలి." నాయన తల దించుకుని కూర్చున్నాడు. అది నేను మరిచిపోలేదు.

ఈ రోజు గార్లదిన్నెలో మీటింగుకు ఆయనే మళ్లీ వచ్చాడు. లేచి నిలబడి అడిగాను. "సార్, గైనోఫోర్ అంటే అర్థమేంది?"

ఆయన చేతిలోని కాగితాలు తిరగేశాడు. నేనే చెప్పాను.

"గ్రీకు మాట సార్. గైనో అంటే ఆడది, ఫోర్ అంటే మోసేది. పువ్వులో ఆడభాగాన్ని మోసే కాడ. మా నాయన ఊడ అనింది దాన్నే."

జనం గొల్లున నవ్వారు. ఆయన మొహం మాడిపోయింది.

తిరిగి వస్తుంటే నాయన అన్నాడు, "పాపం, ఆయప్ప చిన్నబోయినాడమ్మా."

నాకు జాలి కలగలేదు. అదే కొంచెం భయపెడుతోంది. అయినా వచ్చే నెల మీటింగుకు ఇంకో మాట వెతికి పెట్టుకున్నాను.