ఎల్లాజీ కూత

నవంబరు 9, ఆదివారం

రమణ టీ బడ్డీ దగ్గర మళ్ళీ అదే పంచాయితీ. ఎల్లాజీ కబడ్డీ మానేస్తాడా, ఇంకా ఆడతాడా. ఉక్కునగరంలో ఇంకే సమస్యా లేనట్టు. ఆటో అప్పన్న ఒక పక్క, స్టీలు ప్లాంటులో రిటైరైన పైడిరాజు గారు ఇంకో పక్క. మధ్యలో రమణ. ఎవరేమన్నా తలూపుతాడు. టీలు పోతున్నాయి కదా మరి.

"మోకాలు అరిగిపోయింది బాబూ. పేరున్నప్పుడే పక్కకి తప్పుకోడం మర్యాద" — పైడిరాజు గారు.

"మోకాలికి పట్టీ ఏసుకుంటాడు. మీకేటి నొప్పి" — అప్పన్న.

మోకాలట. నవ్వు రావాలి. రాలేదు.

"మాస్టార్ని అడగండి. సిన్నప్పట్నుంచి ఒక్క కంచంలో తిన్నోలు. ఆయనకి తెలీకుండా ఉంటదేటి" — మళ్ళీ అప్పన్నే. అందరూ నా వైపు తిరిగారు. నాకేం తెలుసు అన్నాను. టీ చల్లారిపోయింది. అలాగే తాగేశాను.

నవంబరు 10

తెలుసు. మోకాలు కాదు. కూత.

నవంబరు 11, మంగళవారం

రాసేస్తే తేలికపడుతుందేమో… పోయిన బుధవారం సెక్టారు గ్రౌండులో మామూలు మ్యాచ్. కప్పు లేదు, ఏం లేదు. నేనే అంపైరు. ఎల్లాజీ కూతకు వెళ్ళాడు. అవతలి గడిలో మూలనున్న కుర్రాడి కాలు తాకాడు, తిరిగాడు. నేను గీత మీద, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. కబడ్డీ కబడ్డీ కబ — అక్కడ చిన్న గుటక. లోపలికి పోయిన గాలి. పెదవులు మాత్రం ఆగలేదు.

ఊపిరి పీలిస్తే కూత తెగినట్టే. అవతలి గడిలో తెగితే ఔటే. బడిలో పిల్లలకి మొదటిరోజు నేను చెప్పే పాఠం ఇదే. కూత వినడమే నా పని, ఆ పని మీదే నాకీ ఊళ్ళో ఇంత మర్యాద. విజిల్ పళ్ళ మధ్యనే ఉంది. ఊదలేదు. ఎల్లాజీ గీత దాటి వచ్చేశాడు. నా చెయ్యి దానంతటదే లేచింది, అతనికి పాయింటు ఇచ్చింది. జనం చప్పట్లు.

పాయింటు తీసుకున్నాక ఎప్పుడూ నా వైపు చూసి కన్ను కొట్టేవాడు. ఆ రోజు చూడలేదు.

నవంబరు 12

"అన్నం ముందు పెట్టుకుని ఏంటా ఆలోచన" — మా ఆవిడ పద్మ. కూర బాగుంది అన్నాను. కూర ఇంకా వెయ్యలేదు అంది.

నవంబరు 15, శనివారం

ఎల్లాజీ వచ్చాడు. వాళ్ళ అన్న బోటు వేట నుంచి వచ్చిందట, నెత్తళ్ళ చేపలు తెచ్చాడు. పద్మతో కబుర్లు. నాతో వాన గురించి, డ్యూటీ గురించి, బోనస్ గురించి. ఆట గురించి ఒక్క ముక్క లేదు. అతను వెళ్ళాక పద్మ అంది — మీ బావ మెట్లెక్కుతూ మధ్యలో ఆగి ఫోన్ చూస్తాడేంటి, వచ్చినప్పుడల్లా?

మనది రెండో అంతస్తు. ఫోన్ చూడటానికి కాదు ఆగేది. అదీ చెప్పలేదు ఆమెకి.

నవంబరు 16

నెత్తళ్ళ వేపుడు. తింటుంటే మేం పుట్టిన జాలర్ల పేట గుర్తొచ్చింది. ఒడ్డున వరసగా లాగిపెట్టిన తెప్పలు… వాటి పక్కనే తడి ఇసుకలో పరుగు, కూత పెట్టుకుంటూ. ఎవరి కూత ఎన్ని తెప్పలు దాటితే వాడు మొనగాడు. నేను మూడో తెప్ప దగ్గరే కూలబడేవాణ్ణి. ఎల్లాజీ ఆఖరి తెప్ప దాటి, అక్కడ వల కడుతున్న వాళ్ళ నాన్న చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, వెనక్కి కూడా వచ్చేసేవాడు. అలల హోరులో కూడా ఆ కూత మాట మాటా విడివిడిగా వినబడేది. వాళ్ళమ్మ ఇంట్లోంచి అరిచేది, "ఒరే, ఊపిరి తీసుకోరా నా తండ్రీ" అని.

తర్వాత జిల్లా జట్టు, రాష్ట్రం జట్టు, ఆ ఆటతోనే ప్లాంటులో ఉద్యోగం. నాకు వ్యాయామ ఉపాధ్యాయుడి కొలువు, ఒక విజిల్. "నీకు కూత లేదనే కదా బావా విజిలిచ్చారు" అని ఇప్పటికీ ఏడిపిస్తాడు. ఏడిపించేవాడు. ఈ మధ్య అనట్లేదు.

నవంబరు 19, బుధవారం

బడ్డీ దగ్గర గొడవ ముదిరింది. బిర్యానీ పందెం. సబ్బవరం టోర్నమెంటే ఆఖరని పైడిరాజు గారి వర్గం, ఇంకో మూడేళ్ళు గ్యారంటీ అని అప్పన్న వర్గం. వాట్సాప్ గ్రూపులో కూడా అదేనట. పైడిరాజు గారు ఉన్నట్టుండి మెత్తబడ్డారు.

"నాను రిటైరైనప్పుడు దండేసి పంపీసినారు. మర్నాడు గేటుకాడ నన్ను ఆపీసినాడు కుర్రోడెవడో, పాసేదని. ఆడికి ఆ గతి పట్టకూడదు బాబూ. ఆడే మానీయాల."

అప్పన్న గ్లాసు కింద పెట్టాడు. తర్వాత — "ఆడు మానీస్తే మరి మనకేటుంటాది? ఆదివారం వొస్తే ఎక్కడికెల్తాం?"

ఎవరూ నవ్వలేదు. వీళ్ళు ఎల్లాజీ గురించి మాట్లాడుతున్నారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఎవరి గురించి వాళ్ళే మాట్లాడుకుంటున్నారు.

నవంబరు 22

ఎల్లాజీ భార్య కనకం ఫోన్ చేసింది. అతను డ్యూటీకి వెళ్ళిన వేళ చూసి చేసినట్టుంది.

"అన్నయ్యా, రోజూ బాత్రూములోకెల్లి కుళాయి తిప్పీసి కూత పెడతన్నాడు. నీళ్ళ సప్పుడులో నాకినబడదనుకుంటన్నాడు. ఇనబడతాది. మునుపు బకెట్టు నిండీదాకా ఉండీది. ఇప్పుడు సగానికే ఆగిపోతంది… డాక్టరు పీల్సీ మందిచ్చాడు. ఆడితే ఊపిరందక పడిపోతావని సెప్పాడట. మీరు సెప్తే ఇంటాడు అన్నయ్యా. మీ మాటొక్కటే ఇంటాడు."

చెప్తానమ్మా అన్నాను. ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

నవంబరు 23, ఆదివారం

నేను చెప్పక ముందే అతనే పేటకి రమ్మన్నాడు. బోట్ల పక్కన కూర్చున్నాం. ఎండ. వలలు ఆరేసి ఉన్నాయి. ఎటో చూస్తూ అడిగాడు.

"ఇనబడింది కదా బావా."

"ఏటి?"

"నాటకాలాడకు. ఆ రోజు సెక్టారు గ్రౌండ్ల."

ఇనబడింది అన్నాను.

"మరి ఊదలేదేటి?"

ఇసుకలో వేలితో గీత గీశాను. నా వైపు తిరిగాడు. అంత కోపం ఆ ముఖంలో ఎప్పుడూ చూడలేదు.

"పాయింటిచ్చినావా, ముష్టేసినావా? రేపు తెలిస్తే ఏటంటారు జనం? ఇన్నేళ్ళూ ఈడి పాయింట్లన్నీ ఇలాగే ఇచ్చినారనరా?"

నిజమే. ఆ కోణం నాకు తట్టనే లేదు. ప్రేమ అనుకున్నాను. అవమానం చేశాను. తప్పయిపోయింది బావా అన్నాను. మెల్లగా అన్నాడు —

"నానుగా నాను మానీలేను. జనాన్ని సూస్తే కాలాగదు. సబ్బవరంలో తెగితే ఊదీ. నువ్వూదితే ఆగిపోతాను. ఇంకెవుడూదినా ఒప్పుకోను."

చేతిలో చెయ్యేసి మాట తీసుకున్నాడు. లేచేటప్పుడు నా భుజం పట్టుకుని లేచాడు.

నవంబరు 28

సబ్బవరం కమిటీ వాళ్ళ ఫోన్ — ఫైనల్‌కి మీరే రావాల మాస్టారూ అని. ఒంట్లో బాలేదని చెప్పబోయాను. వస్తానని చెప్పాను.

డిసెంబరు 2

పద్మకి అంతా చెప్పేశాను. విని, బియ్యం ఏరుతూనే అంది — ఊదితే ఒక బాధ, ఊదకపోతే ఇంకో బాధ. ఏదో ఒకటి పడండి, కానీ తిండి మానకండి.

డిసెంబరు 5

వాన. గ్రౌండు ఆరదేమో, ఆట వాయిదా పడుతుందేమో. చిన్నపిల్లాడిలా కిటికీ దగ్గర నిలబడ్డాను. సాయంత్రానికి తెరిపిచ్చింది.

డిసెంబరు 7, ఆదివారం

ఇప్పుడే ఇంటికొచ్చాను.

సబ్బవరం ఫైనల్. మనవాళ్ళు రెండు లారీల్లో వచ్చారు. అప్పన్న డప్పులు కూడా తెచ్చాడు. మట్టి కోర్టు, కొంచెం చెమ్మ. మొదటి సగంలో ఎల్లాజీ కూతకే వెళ్ళలేదు, పట్టేవాళ్ళలో నిలబడ్డాడు. ఎత్తుగడ అనుకున్నారంతా. నాకు తెలుసు, దాచుకుంటున్నాడు. ఆఖర్లో మనవాళ్ళు ఒక్క పాయింటు వెనక. ఇక ఒకే కూత మిగిలింది. అతనే లేచాడు. వంగి మట్టి కళ్ళకద్దుకున్నాడు.

అప్పుడు మొదలుపెట్టారు మనవాళ్ళు. అప్పన్నే ముందు. కబడ్డీ కబడ్డీ కబడ్డీ… ఎల్లాజీతో పాటు. వాడి ఊపిరికి తోడు తమ ఊపిరి. లారీల మీదున్నవాళ్ళు, గోడెక్కినవాళ్ళు, సబ్బవరం వాళ్ళు కూడా. గ్రౌండంతా ఒకటే కూత. అంతా అభిమానమే, ఇందులో ఎవరికీ దొంగ ఆలోచన లేదు. కానీ అంపైరన్నవాడు ఒకడున్నాడని, వాడు వినాలని ఒక్కరికీ తోచలేదు.

గీత వెంట అతనితో పాటే జరిగాను. వంగాను. ముగ్గురు చుట్టుముడుతున్నారు. పెదవులు కదులుతున్నాయి. ముఖం నల్లబడింది. ఒక్కసారి నా వైపు చూశాడు.

ఊదాను.

ముందు జనం కూత ఆగింది. తర్వాత తిట్లు. ఎల్లాజీ ఒక్క మాట అనలేదు, చెయ్యి ఎత్తలేదు. తల వంచుకుని బయటికి నడిచాడు, గడ్డిలో కూర్చుండిపోయాడు. కప్పు అవతలివాళ్ళకి. ఒక చెప్పు వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. కొత్తదే, పాపం. పోలీసాయన జీపెక్కించి హైవే దాకా దింపాడు.

డిసెంబరు 8

అమ్ముడుపోయానట. వాట్సాప్ గ్రూపులో. బడిలో పిల్లలు కూడా నన్ను చూసి మాటలాపేశారు.

డిసెంబరు 9

ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను? నాకు వినబడలేదు. తెగిందో లేదో వినబడలేదు. ముఖం చూసి ఊదాను. పడిపోతాడని భయమేసి ఊదాను.

డిసెంబరు 11, గురువారం

బడ్డీకి వెళ్ళాను. రమణ టీ ఇచ్చాడు కానీ తలూపలేదు. పైడిరాజు గారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. అప్పన్న దాచుకోలేదు —

"మాస్టారూ, మీరు పెద్దోలు, మిమ్మల్నేటీ అనను. గానీ అన్నాయంగా ఔటిచ్చారు. అలాగ మాత్రం ఎల్లనీము ఆడ్ని. ఇంకొక్క మ్యాచ్ ఆడి గెలిసి మరీ ఎల్లాల."

పైడిరాజు గారు పేపరు దించారు. "అదీ నిజమే. ఈ మాట పడి మానీకూడదు."

పందెం పోయింది, వర్గాలు పోయాయి. నెల్లాళ్ళుగా కొట్టుకుంటున్నవాళ్ళు నా పుణ్యమా అని ఒక్కటైపోయారు. వెళ్ళనివ్వడానికి ఊదిన విజిల్ అతన్ని మళ్ళీ గ్రౌండులోకి లాగుతోంది. ఆ కూత తెగిందని చెప్పాల్సినవాడు ఎల్లాజీ ఒక్కడే. అతను ఇంట్లోంచి బయటికి రావట్లేదట.

డిసెంబరు 13

గేటు దగ్గర ఫ్లెక్సీ. ఎల్లాజీ పాత ఫోటో, నల్లటి జుట్టుతో. తగరపువలసలో మ్యాచట, వచ్చే ఆదివారం. అతను ఒప్పుకున్నాడో లేదో ఎవరూ అడిగినట్టు లేదు. కనకం నంబరుకి చేశాను. ఎత్తి, ఏడ్చి, పెట్టేసింది.

డిసెంబరు 14, ఆదివారం

మధ్యాహ్నం అతనే ఫోన్ చేశాడు. బాగున్నావా అంటే బాగున్నావా అనుకున్నాం. తర్వాత —

"బావా, ఒక్కటడుగుతాను. నిజంగా తెగిందా?"

నీకు తెలీదా అన్నాను.

"తెలీలేదు బావా. అందరూ కూత పెట్టీసినారు కదేటి. ఆ గోలలో నా కూత నాకే ఇనబడలేదు. ఉన్నాదనీ అనిపిస్తాది, తెగిందనీ అనిపిస్తాది. తెగనేదంటే తగరపువలస ఎల్తాను. తెగిందంటే మానీస్తాను. నువ్వింటే సాలు. ఇన్నావు కదా?"

కనీసం అతనికైనా తెలుసుననుకుంటూ వచ్చాను ఈ వారమంతా. అదొక్కటే ఆధారం నాకు.

ఫోన్లో అతని ఊపిరి. ఒకటి… ఇంకొకటి. బరువుగా. నా జవాబు కోసం ఆగి ఉన్నాడు.

విన్నాను బావా, తెగింది అన్నాను.

"సరే" అన్నాడు. కొంచెం ఆగి — "ఇప్పుడే అప్పన్నకి ఫోన్ సేసి సెప్పీస్తాను. మాస్టారు కరెక్టుగానే ఊదినాడు, నానే తెగీసినాను అనీసి. నిన్ను అనరాని మాటలన్నారు బావా, మనసులో పెట్టుకోకు."

పెట్టేశాడు.

పద్మ కాఫీ తెచ్చి అక్కడ పెట్టింది. ఫోన్ తీసి మళ్ళీ చేశాను. బిజీ. ఇంకోసారి చేశాను. ఏం చెప్దామని చేస్తున్నానో నాకే తెలీదు. బిజీ వస్తోంది.