ఎనభై రెండు ఎర్ర గింజలు

విత్తన పరీక్ష గది,
ఆగస్టు 7, బుధవారం.

అక్కకు,

చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నది. నువ్వు క్షేమంగా ఉన్నావని బావ ఫోన్లో చెప్పాడు. నేనూ బాగానే ఉన్నాను. ఈ కబురు నీకేమంత సంతోషం కలిగించదని తెలిసినా, మర్యాద కోసం రాస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు! నీ కుర్చీ కాజేయడానికే నిన్ను డైరెక్టరుగారికి పట్టించానన్నావు. పిన్ని కూతురి దగ్గర్నుంచి మీ పక్కింటి టైలరు దాకా అందరి దగ్గరా నా మీద టముకు వేశావట. నా మొహం మీద మాత్రం ఒక్కసారీ అనలేకపోయావు. ల్యాబులో అందరూ నిన్ను బ్లేడక్క అనేది గింజలు అంత బాగా కోస్తావనే అనుకుంటున్నావు కదూ? సగం మంది నీ నాలుకను చూసి అంటారు.

జరిగింది జరిగినట్టు ఒకసారి చెప్పుకుందాం. కాలిపోయిన కొండ మీద మళ్ళీ చెట్లు పెంచాలని ఏడు బస్తాల గింజలు మన దగ్గరికి వచ్చాయి. ఆ జాతి గింజ మొలకెత్తడానికి ఎనిమిది నెలలు పడుతుంది. అన్నాళ్ళు ఆగలేమని రంగు పరీక్ష అడిగారు. వంద గింజలు నానబెట్టి, నిలువునా కోసి, మందు నీళ్ళలో వేసి చీకటి పెట్టెలో ఉంచాం. బతికున్న గింజ ఊపిరి తీసుకుంటుంది, ఆ ఊపిరికి మందు ఎర్రబడుతుంది, చచ్చిన గింజ తెల్లగానే ఉండిపోతుంది. పదహారేళ్ళ కిందట నా చేతికి బ్లేడు ఇస్తూ నువ్వు చెప్పిన మాటలే ఇవి. లెన్సు కింద చూసి లెక్క తేల్చింది నువ్వు. ఎనభై రెండు ఎరుపు అని రాసి సంతకం పెట్టింది నువ్వు.

ఆ అంకెను నమ్మి నర్సరీ మేస్త్రి నలభై మడుల్లో గింజలు పోశాడు. పది నెలలైనా మడికి నాలుగైదు మొక్కలు కూడా లేవలేదు. విచారణకు వచ్చినాయన, గింజ మంచిదని ల్యాబే చెప్పింది కాబట్టి మేస్త్రే మడులు ఎండగట్టాడని తేల్చి, ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్న మనిషిని ఇంటికి పంపాడు. ఆ రోజు మేస్త్రి మన గదికి వచ్చాడు. లోపలికి కూడా రాలేదు. "అమ్మా, ఇంకొక్కసారి చూడండమ్మా. ఒక్క పూట కూడా తడి ఆరనివ్వలేదు నేను" అన్నాడు. గోళ్ళలో మట్టి అలాగే ఉంది. నువ్వు తలైనా ఎత్తకుండా "నా లెక్క తప్పదు" అన్నావు.

నువ్వు భోజనానికి వెళ్ళాక ఫైలు తీసి, ఆనాటి పళ్ళేల ఫొటోలు చూశాను. ఎర్ర గింజలు పదకొండు. ఆ ఫొటోలు తీసుకెళ్ళి డైరెక్టరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన నిన్ను పిలిచి, రంగెక్కిన పళ్ళెం ఒకటి, తెల్లగా ఉన్నది ఒకటి పక్కపక్కన పెట్టి, ఏది ఏదో చెప్పమన్నారు. నువ్వు రెండూ ఎరుపే అన్నావు. అప్పుడు నేను నవ్వానని రాశావు. అబద్ధం. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

కళ్ళు చూపించుకోమని బావ ఏడాదిగా పోరుతున్నాడు. "నా కళ్ళకేం, ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తా" అంటావు. సూదిలో దారం ఎక్కించడానికి రంగు తెలియక్కర్లేదక్కా. నీ పంతానికి ఇంకొకడి బతుకు బజారున పడింది. మేస్త్రిని మళ్ళీ పనిలోకి పిలిచారు, నిన్ను రికార్డు గదికి పంపారు. నా దృష్టిలో రెండూ న్యాయమే. నన్ను క్షమించమని అడగను. నువ్వు పిలిచినా నీ గడప తొక్కను. ఇక ఉత్తరాలు వద్దు.

నువ్వు వద్దనుకున్నా తోడబుట్టిన,
చెల్లెలు

తా.క.: పైదంతా నిన్న రాశాను. కవరు అంటించి, పొద్దున మళ్ళీ చింపాను.

నీకు రంగులు తెలియడం లేదని బావకన్నా ముందే నేను కనిపెట్టాను. మూడేళ్ళుగా నువ్వు ఇంటికి వెళ్ళాక ప్రతి పళ్ళెం మళ్ళీ చూసి, నీ అంకెలు దిద్ది టైపుకు పంపాను. నీ లెక్క తప్పకుండా ఉన్నది అందుకే. నీ పరువు నా చేతిలో ఉందని లోలోపల గర్వంగా కూడా ఉండేది.

ఆ ఏడు బస్తాల గింజలు కోసిన రోజు, కొత్తగా చేరినవాళ్ళ ముందు నా ట్రే లాక్కుని, "పదహారేళ్ళయినా దీనికి కోత రాలేదు, దీని చేతిలో పడితే బతికున్న గింజ కూడా చస్తుంది" అన్నావు. మర్నాడు రంగు తేలాక, సాయంత్రం ఎప్పటిలాగే పళ్ళేలు చూశాను. పదకొండే. నీ ఎనభై రెండును అలాగే వదిలేశాను. నీ ఖర్మ అనుకున్నాను. అది మేస్త్రి ఖర్మ అవుతుందని ఆయన గుమ్మంలో నిలబడేదాకా తట్టలేదు. ఫొటోలు చూడకముందే నాకు అంతా తెలుసు.

ఇవాళ ఇదంతా కాగితం మీద రాసి డైరెక్టరుగారికి ఇచ్చాను. రేపటి నుంచి ఆ లెన్సు దగ్గర మనిద్దరిలో ఎవరమూ ఉండం.

ఆదివారం మేస్త్రి ఇంటికి వెళ్తున్నాను. వస్తే రా. రాకపోతే నీ పేరు ఎత్తను. నేను చేసింది మాత్రం చెబుతాను.