కన్నమ్మ ఎడమ కన్ను సంగతి

జిల్లా పాఠశాలల కంటి శిబిరాల అధికారి గారి సముఖమునకు,
ఖమ్మం.

చింతలవాగు గూడెం నివాసి, తునికాకు కల్లంలో లెక్కలు రాసే పగిడయ్య సమర్పించుకొను అర్జీ. తేదీ: 20 ఆగస్టు 2007.

విషయం: నా కూతురు కన్నమ్మకు (ఎనిమిదేండ్లు, మూడో తరగతి) రెండు కండ్లూ బాగున్నవని తమ ఆఫీసు రాసిన రాత కొట్టివేయుట గురించి, ఆమె కుడి కంటికి కట్టిన పట్టీని బడిలో ఎవరూ ఊడదీయకుండా ఉత్తర్వు ఇచ్చుట గురించి.

అయ్యా,

నేను మాటకారిని కాను. బడికి పోయినవాడినీ కాను. కల్లంలో ఆకు కట్టలు లెక్కబెడుతూ అక్షరాలు నేర్చుకున్నాను. రాతలో తప్పులుంటే మన్నించండి. మన్నించరానివి ఈ కింద రాసినవి.

1. గత జనవరిలో తమ ఆఫీసు వారు మా ఆశ్రమ పాఠశాలలో కంటి శిబిరం పెట్టినారు. అక్షరాల చార్టును వారం ముందే పంపి, గోడకు తగిలించి ఉంచమన్నారు. తనిఖీకి ఎవరు వచ్చినా జవాబులు ముందుగా బట్టీ పట్టించడం ఆ బడి ఆనవాయితీ. అడగబోయే ప్రశ్న తనంతట తానే వచ్చి గోడకు వేలాడితే ఏ పంతులు ఊరుకుంటాడు? వారమంతా ప్రార్థన అయినాక పిల్లలు ఆ చార్టును పైనుంచి కిందికి ఎక్కాల మాదిరి రాగం తీసి వల్లించినారు.

2. శిబిరం నాడు మొదట నిలబడినవాడు తండా మంగీలాల్ కొడుకు. తమ ఉద్యోగి అక్షరాలు చూపే కర్ర ఎత్తకముందే వాడు చార్టు మొత్తం చెప్పి, అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న అచ్చాఫీసు చిరునామా కూడా చెప్పినాడు. తమ ఉద్యోగి నవ్వి, "గద్ద కండ్లురా మీయి! అడివి గాలి, అడివి తిండి. పట్నం పోరగాండ్లు ఎందుకు పనికొస్తరు?" అని మెచ్చుకున్నారట. ఆ చిరునామా ఆయనకు కనిపించిందో లేదో నాకు తెలియదు. అందరికీ "చూపు బాగున్నది" అని రాసి, దస్కతు పెట్టి, భోజనం చేసి జీపు ఎక్కినారు. తరువాత "దృష్టిలోపం లేని పాఠశాల" అని ప్రశంసాపత్రం వచ్చింది. దానికి అద్దం బిగించి ప్రధానోపాధ్యాయుల వారి కుర్చీ వెనుక తగిలించినారు. ఆ శిబిరం వల్ల మా బడికి వచ్చిన అద్దం అదొక్కటే.

3. ఈ వానల్లో కన్నమ్మ కుడి కంటికి కలక వస్తే ఇంటికి తెచ్చుకున్నాము. నా భార్య రామక్క ఆ కంటికి తడిగుడ్డ కట్టి, పిల్లను వాకిట్లో కూర్చోబెట్టింది. మిట్టమధ్యాహ్నం. పిల్ల పక్కనే ఉన్న నీళ్ళ చెంబు కోసం నేల తడుముతూ, "అమ్మా, గప్పుడే పొద్దుగూకిందా?" అన్నది.

"పొద్దుగూకుడేందే? నెత్తి మీద ఎండ కొడ్తాంది" అన్నది రామక్క.

నేను పిల్ల ముందు కూర్చుని వేళ్ళు చూపించినాను. ఎన్నో చెప్పలేకపోయింది. నా ముఖం ఎక్కడున్నదని అడిగితే, నా గొంతు వచ్చిన దిక్కు చెయ్యి చాపింది.

"మరి శిబిరంల కుడి కన్ను మూసినప్పుడు అన్ని అక్షరాలు ఎట్ల సదివినవ్ బిడ్డా?" అని అడిగినాను.

"సదవలే నాయినా, అప్పజెప్పిన. తప్పు పోతే సారు కొడ్తడని."

అయ్యా, నాకు పిల్ల మీద కోపం రాలేదు. ఎవరి మీద వచ్చిందో ఈ అర్జీ పైన రాసిన చిరునామా చూస్తే తమకే తెలుస్తుంది.

4. భద్రాచలంలో కండ్ల డాక్టరుకు చూపించినాము. ఎడమ కన్ను చిన్ననాటి నుంచే మసక అని, మంచి కన్నే అంతా చూస్తుంటే అది పని మానుకున్నదని ఆయన చెప్పినారు. అద్దాలు పెట్టి, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ కడితే, గత్యంతరం లేక సోమరి కన్ను పని నేర్చుకుంటుందట. వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుందన్నారు. అద్దాలు కొన్నాను. పట్టీ కట్టి బడికి పంపినాను.

5. ప్రధానోపాధ్యాయుల వారు అందరి ముందూ పట్టీ పీకి పారేసినారు. అడగబోతే, "ఏం పగిడయ్యా, పిల్లకు గుడ్డ కట్టి బిచ్చానికి పంపుతున్నవా? గా గోడ మీద ఏం రాసున్నదో సదువు. రేపు ఎవరన్న పెద్దసారొచ్చి, గీ ఒంటికన్ను పిల్ల ఏందని అడిగితే ఏం జెప్పాలె?" అన్నారు.

"కన్ను పోతది సారూ" అన్నాను.

పట్టీ విప్పితేనే బడికి రావాలన్నారు. పిల్ల ఇంట్లో ఉన్నది. ఇట్లాగే ఉంటే పేరు కొట్టేస్తామని కబురు పంపినారు. వాగు ఇవతల మాకు వేరే బడి లేదు. చదువు కావాలంటే కన్ను వదులుకోవాలి, కన్ను కావాలంటే చదువు వదులుకోవాలి. ఇది ఏ జీవోలో ఉన్నదో దయచేసి తెలుపగలరు.

6. తమ ఆఫీసుకు వచ్చినాను. తమరు లేరు. గుమస్తా గారు, "బాగున్నదని రాసినంక బాగలేదని ఎట్ల రాస్తమయ్యా? ఒక్క పిల్లను మారిస్తే బడి లెక్క మారుతది, బడి మారితే మండలం మారుతది. మళ్ల శిబిరం దాంక ఆగు. ఒక కన్ను మంచిగనే ఉన్నది గద!" అన్నారు.

అయ్యా, మాది అడవి. పిల్లలు తునికి పొదల్లో దూరుతారు, కట్టెలు కొడతారు. ఒక ముల్లు, ఒక చెక్కపేడు చాలు, ఆ మంచి కన్ను పోవడానికి. అప్పుడు నా బిడ్డ మీ ప్రశంసాపత్రం పట్టుకుని గోడలు తడుముకుంటూ నడవాలా? గుమస్తా గారి పిల్లకైతే ఒక కన్ను చాలునా? తమ పిల్లకు?

కావున ఆ ప్రశంసాపత్రం దింపించి, పిల్లలందరికీ బడిలో ఎన్నడూ చూడని చార్టుతో మళ్ళీ పరీక్ష చేయించి, కన్నమ్మ పట్టీతోనే బడిలో కూర్చునేటట్లు రాతపూర్వకంగా ఉత్తర్వు ఇప్పించవలెనని కోరుచున్నాను. ఆ చార్టు అప్పజెప్పి తప్పించుకున్న కండ్లు ఇంకా ఎన్ని ఉన్నవో నాకు తెలియదు. తెలుసుకొనవలసినవారు తమరు. ఇది నా మనవి అనుకున్నా సరే, తగాదా అనుకున్నా సరే, తప్పక చిత్తగించవలెను.

ఇప్పటివరకు తమ విధేయుడు,
పగిడయ్య

తా.క.: ఈ అర్జీని కన్నమ్మకు రెండుసార్లు చదివి వినిపించినాను. ఇప్పుడు పొల్లుపోకుండా చెబుతున్నది. వచ్చే సోమవారం ఇద్దరమూ తమ ఆఫీసుకు వస్తున్నాము. కాగితం అందలేదంటే, తమ బల్ల ముందు నిలబడి మొత్తం అప్పజెబుతుంది. కుడి కంటికి పట్టీతోనే.