అప్పన్న తుడుచుకున్న చెయ్యి

జనవరి 2003, ఆదివారం రాత్రి, కాశీబుగ్గ

ఇంగ్లీషు మేష్టారినన్న గొప్పకి పోయి ఈరోజు ఒక పాడు పని చేశాను.

మా వైపు చూడ్డానికొచ్చిన ఒక దొరనీ దొరసానినీ జాలరి అప్పన్న తన తెప్ప మీద సముద్రంలో తిప్పి తెచ్చాడు. వాళ్ళ ఇంగ్లీషు అతనికి చెప్పడానికి నేను వెంట వెళ్ళాను. బాడుగ పొద్దున్నే ఇచ్చేశారు. ఒడ్డుకు దిగాక దొర తన గైడు పుస్తకం తిరగేసి, "ఇతనికి టిప్పు ఎంత ఇవ్వాలి?" అని నన్నడిగాడు. మనవాళ్ళు చెయ్యి చాస్తారనుకుంటున్నాడేమోనని నాకు రోషమొచ్చింది. "మా దగ్గర ఆ అలవాటు లేదు, ఇస్తే బాధపడతాడు" అన్నాను. అప్పటికే అప్పన్న తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని నిలబడి ఉన్నాడు.

జీపు ఎక్కబోతుంటే అప్పన్న నా పక్కకొచ్చాడు.

"ఎల్లిపోయేవోళ్ళు సేతిలో ఏదో ఒకటి ఎట్టి ఎల్తారు గదా మేష్టారూ. ఎట్టనేదంటే రేపు మళ్ళీ వత్తారన్నమాట. నాను ఏటకెల్లను, తెప్ప ఉంచుతాను."

కాదనాలంటే టిప్పు సంగతీ చెప్పాలి. "సరేలే" అన్నాను.

పలాస స్టేషన్లో రైలెక్కుతూ దొర నా చేతిలో మడిచిన నోటొకటి పెట్టాడు. మా దగ్గర ఆ అలవాటు లేదని అప్పుడనలేదు నేను. గుప్పిట మూసేశాను.

నోటు ఈ పేజీలోనే ఉంది, మడత విప్పలేదు. కళ్ళు మూస్తే ఆ తుడుచుకున్న చెయ్యే. పొద్దున్నే వెళ్ళి ఇచ్చేద్దామంటే, ఏమని ఇవ్వను...

తెల్లారేసరికి అందరి తెప్పలూ వేటకెళ్ళిపోతాయి. అప్పన్నది ఒడ్డునే ఉంటుంది.