ముసుగన్నను వదిలేసిన ఇద్దరం

ఫహాహీల్,
శనివారం

వెంకటేశ్వరి గారికి,

కుట్టుమిషను మీద కాగితం పెట్టుకుని రాస్తున్నానండి. నా మొహం మీకు తెలీదు, పేరు మాత్రం వినే ఉంటారు. నేను సూర్యకిరణ్ మాజీ భార్య లక్ష్మీదుర్గని. మీరూ ఆయన్ని పెళ్ళి దాకా వచ్చి వద్దనుకున్నారని తెలిసింది. సల్వాలో మీ కువైటీ యజమానురాలు, అదే మీ మామా, శుక్రవారం తప్ప ఫోను ఇవ్వదని కూరగాయల వ్యాను సిరాజ్ చెప్పేడు. అందుకే ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను.

నిన్నటి వీడియో చూసే ఉంటారు. సబా అల్ సలేంలో అయిదో అంతస్తు నిండా పొగ. మొహానికి రుమాలు కట్టుకుని ఆపదలో ఉన్నవాళ్ళని కాపాడే ముసుగన్న గోడ పట్టుకుని ఎక్కి, ఒక పెద్దావిడని వీపుకి కట్టుకుని తాడు మీద కిందకి దింపేడు. ఎవరీ ముసుగన్న అని నాలుగేళ్ళుగా ఇక్కడి తెలుగువాళ్ళంతా బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు కదా! నేల మీద కాలు పెట్టగానే రుమాలు జారింది. చూస్తే మా కిరణే! బిల్డింగుల అద్దాలు తుడిచే కిరణ్!

ఒక్కటే అడుగుతానండి. ప్రతి శుక్రవారం, సెలవు నాడే, ఓవర్‌టైం అని మాయమై, మోచేతులు గీరుకుపోయి వచ్చేవాడు. ఎవరో ఆవిడ దగ్గరకి వెళ్తున్నాడనుకుని విడాకులు తీసుకున్నాను. తర్వాత మీ పెళ్ళి మాట విని, ఆ ఆవిడ మీరేననుకున్నాను. ఈ సంగతి నాకు చెప్పలేదు సరే, మీకు చెప్పేడా?

ఇట్లు,
లక్ష్మీదుర్గ

తా.క. మోచేతులు గీరుకుపోయేలా మీరేం చేస్తున్నారా అని ఏడాది పాటు ఆలోచించానండి.

•

సల్వా,
సోమవారం

దుర్గక్కకు వెంకటేశ్వరి దండాలు.

పాత్రలు తోమేసి వంటింట్లో నిలబడి రాస్తాండా. నాకూ చెప్పల్యా అక్కా. నీ విడాకులైన ఎనిమిది నెల్లకు గదా నేను ఆయప్పను మొదట చూసింది! పెండ్లికి దినం గూడా పెట్టుకుంటిమి. శుక్రవారమైతే చాలు, మనిషి కనపడడు. యాడికి పోతివి అంటే ఓవర్‌టైం అంటాడు. మాజీ పెండ్లాం కాడికి పోతాండాడనుకుని, ఖలాస్, నాకొద్దని చెప్పేసినా. నా మీద అనుమానంతో నువ్వు, నీ మీద అనుమానంతో నేను ఇడిసిపెడితిమి. ఆయప్పేమో గోడల మీద ఉండాడు!

ఇప్పుడు పేరొచ్చినాక నీకు మల్లా మనసైనట్లుండాది. మొగమాటం ఏమీ వద్దు. నువ్వే తీసుకుపో, నేను అడ్డం రాను.

నీ చెల్లెలు,
వెంకటేశ్వరి

తా.క. మా మామా ఆ వీడియో నలభై సార్లు చూసింది. "ఈయన్నా నువ్వు వద్దన్నది?" అని అరబ్బీలో అడిగి, నా తలకాయ చూపించనీకి డాక్టరు కాడికి తీసుకుపోతానంటాంది.

•

ఫహాహీల్,
గురువారం

చెల్లి వెంకటేశ్వరికి,

మనసా? నాకా? ఇక్కడ నా అవస్థ చూస్తే ఆ మాట అనవు. జాకెట్టు కొలతలకి వచ్చినవాళ్ళంతా నా పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. "మాజీనండీ" అంటే ఒక్కరూ వినిపించుకోరు. మా కొట్టు ఓనరు గౌసియా బీ అయితే 'ముసుగన్న సతీమణి టైలరింగ్' అని బోర్డు మార్పిద్దామంటోంది.

ఆయన అరచేతులు ఒలిచిపోయాయని సిరాజ్ చెప్తే, సాటి మనిషి కదా అని కాస్త చేపల పులుసు పంపేను. గిన్నె తిరిగొచ్చింది. అది నా గిన్నె కాదు! లోపల కిరణ్ రాసిన చీటీ: "ఓళిగలు చాలా బాగున్నాయి. ఈ ప్రేమ మర్చిపోలేను."

మా కోనసీమలో వాటిని బొబ్బట్లంటాం. ఓళిగలు మీ వైపు మాట. నన్నేమో తీసుకుపో అంటావు, చాటుగా నువ్వు ఓళిగలు పంపుతావు! ఉన్నదేదో సూటిగా చెప్పు తల్లీ, నేనేమీ అనుకోను.

దుర్గ

తా.క. అనుకుంటాను.

•

సల్వా,
ఆదివారం

దుర్గక్కకు,

ఒట్టేసి చెప్తాండా, నేను పంపింది గాయాల మందు ఒక్కటే. ఓళిగలు చేసింది రెడ్డెమ్మత్త. ఆయప్ప పొగలోంచి దింపింది ఆమెనే. మా రాజంపేట పక్క మనిషి, ఆ ఇంట్లో వంట చేస్తాది, అరవై దాటినాయి. ఇప్పుడన్నా నెమ్మదా?

అది అట్లుండనీ. కంపెనీ తాళ్ళు అడక్కుండా వాడినాడని ఆయప్పను బుధవారం ఆఫీసుకు రమ్మన్యారంట. ఇంక ఎప్పటికీ ఎవరికోసమూ గోడలెక్కనని సంతకం పెట్టాల. పెట్టకపోతే ఇఖామా, అదే ఈడ ఉండే పర్మిట్టు, రద్దు జేసి ఇండియాకు పంపేస్తారు. పెట్టనని మొండికేసినాడంట.

మనం చెప్తే ఇంటాడేమో. నన్ను మామా పంపదు, నువ్వు పో అక్కా. ఇద్దరి మాటగా చెప్పి సంతకం పెట్టించు. ఆయప్ప యాడనో కింద పడినాడని ఇంటే నేను తట్టుకోలేను.

నీ చెల్లెలు,
వెంకటేశ్వరి

తా.క. ఈ చివరి మాట మటుకు ఆయప్పతో అనద్దు.

•

ఫహాహీల్,
శనివారం

చెల్లీ,

నన్ను తిట్టాలంటే తిట్టు. నువ్వు చెప్పిన పని నేను చేయలేదు.

బుధవారం వెళ్ళేసరికి మేనేజరు కాగితం, పెన్ను బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. కిరణ్ అరచేతులకి ఇంకా పట్టీలే. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"చెప్తే నువ్వు ఎక్కనిచ్చేదానివి కాదు దుర్గా. అందుకే చెప్పలేదు," అన్నాడు.

నిజమే. ఎక్కనిచ్చేదాన్ని కాదు.

సంతకం పెట్టు అనబోతుంటే రెడ్డెమ్మత్త వచ్చింది, వాళ్ళ ఇంటి యజమానిని వెంటబెట్టుకుని. నేనెవరో ఆవిడకి తెలీదు. నా పక్కన కూర్చుని, దగ్గుతూనే సంచిలోంచి మనవరాలి ఫోటో తీసి చూపించింది. "ఇంతవరకు ఎత్తుకోలేదమ్మా. వచ్చే నెల పోతాండా," అంది. ఆ శుక్రవారం ఆయన నాలాంటి దాని మాట విని ఇంట్లో కూర్చుని ఉంటే, ఈవిడ ఆ పిల్లని ఎప్పటికీ చూసేది కాదు. నాకు తెలీకుండానే "పెట్టకు కిరణ్" అనేశాను.

మేనేజరు కళ్ళజోడు తీసి, "మీరు ఈయన భార్యా?" అన్నాడు.

"కాదండి. భార్యనైతే ఈ మాట నా నోట రాదు."

రెడ్డెమ్మత్త యజమాని మేనేజరుతో అరబ్బీలో చాలాసేపు మాట్లాడేడు. ఆఖరికి సంతకం లేకుండానే ఇఖామా నిలిచింది. తాళ్ళ మీద అద్దాలు తుడిచే పని మాత్రం పీకేసి గోడౌన్‌లో వేశారు.

బయటికొచ్చాక "మళ్ళీ కలిసుందామా?" అని అడిగేడు. నావల్ల కాదన్నాను. మంచివాడే చెల్లీ, కానీ రోజూ గుండె అరచేతిలో పెట్టుకుని బతకలేను. ఎక్కేముందు ఒక మెసేజు, దిగాక ఒక మెసేజు మనిద్దరికీ పెట్టమన్నాను. సరేనన్నాడు. నువ్వు కావాలంటే ఆయనతో మాట్లాడుకో, నేను నిజంగానే ఏమీ అనుకోను. మాట్లాడినా మానినా, సెలవు దొరికిన శుక్రవారం ఇక్కడికి రా. భోజనం నా దగ్గరే.

నీ అక్క,
దుర్గ

తా.క. నిన్న ఎవరో గర్భిణీ బాల్కనీలో ఇరుక్కుందట. 'ఎక్కుతున్నాను' అన్నది వచ్చేక 'దిగాను' అన్నది ఇరవై నిమిషాలు రాలేదు. ఈలోగా నేను ఒకావిడ జాకెట్టుకి మూడు చేతులు కుట్టేసేను.