నానమ్మను పిలిచిన మాట

నాందేడ్

జగదీశ్వర్ సార్‌కి నమస్కారం.

యూనివర్సిటీ గ్యాదరింగ్‌లో నేను పాడిన తెలుగు పాటలో బూతుమాట ఉందనీ, క్షమాపణ కోరుతూ మరాఠీలో మాఫీనామా రాసిస్తేనే పరీక్షకు కూర్చోనిస్తామనీ మీ నోటీసు అందింది. ఆ రోజు హాలంతా చప్పట్లు కొడుతుంటే, తెలుగువారు గనక మీకొక్కరికే ఆ మాట అర్థమై మైకు ఆపించారు. అందుకే మీకు తెలుగులోనే రాస్తున్నాను.

'ముండ' అన్నది నా మాట కాదు సార్. మా నానమ్మ పార్వతీబాయి కూలికి పోయినన్నాళ్ళూ ఊరి పటేలు ఆమెను అట్లాగే పిలిచాడు. పేరేమిటని ఒక్కసారీ అడగలేదు. పత్తి ఏరుతూ ఆమె కట్టుకున్న పాటనే నేను పాడాను.

ఆమె ఆ రోజు ముందు వరుసలోనే ఉంది. మైకు ఆగిపోగానే నన్ను అడిగింది: "గా మాట పాటల అచ్చినందుకే బంద్ చేసిండ్రా? పటేలు నన్ను అన్నప్పుడు ఆయన నోరు ఎవ్వలన్న బంద్ చేసిండ్రా, బిడ్డా?"

సోమవారం ఆమెను మీ ఆఫీసుకు తీసుకొస్తాను, ఆ ప్రశ్నకు జవాబు మీరే చెప్పండి. మాఫీనామా రాయను. ఆ మాట తీసేసి పాడను.

ఆమె వచ్చినప్పుడు మాత్రం పేరు పెట్టి పిలవండి.

ఇట్లు,
పార్వతీబాయి మనుమరాలు