వదిన కారు, నా వాదన

మార్చి 3, ఉదయం

వదిన కారు చచ్చిపోయింది. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, అమ్మా, ఇంక దీన్ని వదిలెయ్యండి, పుణ్యముంటుంది అన్నాడట. వదిన మిడ్‌వైఫ్. ఇళ్లకు వెళ్లి కాన్పులు చేస్తుంది. కారు లేకపోతే ఆమెకు చేతులు లేనట్టే. నెలాఖరుకు ఇద్దరు తల్లులున్నారు, ఇద్దరూ ఊరికి ఆ చివర. అన్నయ్య ఓడ మీద ఇంజనీరు. సముద్రం మధ్యలో ఉన్నవాడిని కార్ల గురించి అడిగేదేముంది? నిర్ణయం మా ఇద్దరిదే. అంటే నాదే.

ఎలక్ట్రిక్. ఇందులో చర్చ ఏముంది?

మార్చి 5

షోరూమ్. సేల్స్‌మన్ మమ్మల్ని తిన్నగా హైబ్రిడ్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఇప్పుడంతా ఇదే నడుస్తోంది మేడమ్, చార్జింగ్ టెన్షన్ లేదు, దానంతట అదే చార్జ్ అవుతుంది అన్నాడు. దానంతట అదే! ఆ కరెంటు ఆకాశం నుంచి ఊడిపడుతుందా నాయనా, మేం పోసిన పెట్రోలే కదా చుట్టు తిరిగి బ్యాటరీలోకి వచ్చేది అన్నాను. సిగరెట్ మానేశానని ఊరంతా చెప్పుకుంటూ పక్కవాడి దగ్గర దమ్ము లాగేవాడిలాంటిది హైబ్రిడ్ అని పోయినవారమే పత్రికలో నా కాలమ్‌లో రాశాను. అతనికీ చెప్పాను. జనం తలలు తిప్పి చూశారు. చూడనీ.

వదిన ఒక్కటే అడిగింది. నేను ఒక ఇంటి ముందు పగలంతా ఆగాక, ఆ తల్లిని ఉన్నపళంగా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే ఇది వెళ్తుందా అని. ఇంట్లో ఫుల్ చార్జ్ పెట్టుకుని బయల్దేరితే ఎందుకు వెళ్లదు మేడమ్ అన్నాడు. ‘ఇంట్లో’ దగ్గర వదిన నా వైపు చూసింది. మాది ఫ్లాటు. మూడో అంతస్తు.

మార్చి 6

సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్ పెట్టుకుంటామంటే అసోసియేషన్ సెక్రటరీ ససేమిరా అన్నాడు. నిప్పంటుకుంటుందట. ఆయన జనరేటర్ పక్కన వరసగా పేర్చిన డీజిల్ డబ్బాల్లో ఉన్నది పన్నీరు కాబోలు.

మార్చి 7

వదిన హైబ్రిడ్ బ్రోచర్ ఫ్రిజ్ మీద పెట్టింది. తీసేశాను. మళ్లీ పెట్టింది.

మార్చి 9, సాయంత్రం

ఇది రాస్తే పరువు పోతుంది. అయినా రాస్తాను.

నిన్న షోరూమ్ వాళ్లు ఎలక్ట్రిక్ కారు ఇచ్చారు, రెండ్రోజులు నడిపి చూసుకోమని. సగం చార్జే పెట్టిచ్చిన పిసినారులు. పొద్దున్నే ఫోన్. ఆ ఇద్దరు తల్లుల్లో ఒకామెకు ముందే నొప్పులు. నేనూ ఎక్కాను, ఎలక్ట్రిక్ సత్తా ఏమిటో వదినకు కళ్లారా చూపిద్దామని. కారు సుతారంగా వెళ్లింది. గతుకుల్లో కూడా వదిన ఒక్కమాట అనలేదు. గెలిచాననుకున్నాను.

అక్కడ అసలు పని ఎదురుచూడటం. నాకది తెలియదు. వదిన లోపల, నేను కారులో. గంటలు గడిచాయి. ఆగి ఉన్న కారు, ఎదురుగా వంటింటి కిటికీ, దాని పక్కనే ప్లగ్గు. ఇంతకన్నా ఏం కావాలి? నీళ్లు కాస్తున్న ఆ తల్లి అత్తగారిని అడిగాను. ఆవిడ ఏ లోకంలో ఉందో, తలూపింది. వైరు కిటికీలోంచి లాగి తగిలించాను.

ఇల్లంతా టప్పున పోయింది. లైట్లు, పుట్టబోయే బిడ్డకు వెచ్చగా ఉండాలని గదిలో పెట్టిన హీటరు, నీళ్ల హీటరు, అన్నీ. ఫ్యూజుల పెట్టె పక్క షాపులో ఉందట. షాపువాడు షట్టరు దించి భోజనానికి వెళ్లాడట. ఆ ఇంటాయన వీధిలోకి పరుగెత్తాడు. అత్తగారు నన్ను తిట్టిన తిట్లలో కొన్ని నాకు కొత్త. వదిన మాత్రం మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపించి, ఇంట్లో దుప్పట్లన్నీ తెమ్మంది. ఆ వెలుతురులోనే ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

తిరిగొచ్చేటప్పుడు వదిన అంది, ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, అర్ధానికే ఇల్లు చీకటి చేశావు, పూర్తి మొగుడివైతే ఊరు చీకటయ్యేది తల్లీ అని. నవ్వాను. ఆమె నవ్వలేదు. బిడ్డ ఏడుపు వినిపించేదాకా నేను ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా అడగను, ఆ కాసేపు ఆ ఇంట్లో ఉన్నదంతా ఒక్కరిదే అంది. నేను వెళ్లి కరెంటు తీసుకున్నాను.

మార్చి 10

తప్పు నాది. కారుది కాదు. ఈ రెండూ కలపను, ఎవరినీ కలపనివ్వను.

కాన్పు చేయడానికి వెళ్లిన మనిషి వంటింటి ప్లగ్గు కోసం దేబిరించాల్సిన అవసరం ఎందుకొచ్చింది? ప్రతి మలుపులో పెట్రోలు బంకు ఉంది. అది ఎవడి తాతా ఇంట్లో పెట్టుకోలేదే! చార్జింగ్ మాత్రం సొంత గరాజు ఉన్నవాడి వైభోగమా? మార్కెట్‌లో మీకు నచ్చింది ఎంచుకోండి అంటారు. ఎంపిక షోరూమ్‌లో లేదు, గోడలో ఉంది. నేను మాకో పాయింట్ కావాలని అడిగాను. అక్కడే పప్పులో కాలేశాను. అందరికీ అని అడగాలి.

మార్చి 14

మీటింగ్. అందరికీ కలిపి పాయింట్లు, ఎవరు వాడింది వాళ్లు కట్టుకోవాలి, ఇదీ నా తీర్మానం. సెక్రటరీ లేచి, మొన్న ఎవరింట్లోనో ఫ్యూజు ఎగరగొట్టిన వైనం మాకు తెలియదా అని దెప్పాడు. ఎగరగొట్టింది నేనే, అందుకే విడిగా లైను అడుగుతున్నాను అన్నాను. ఎలక్ట్రీషియన్ విడి లైను అయితే భయం లేదన్నాడు. రోజూ స్కూటర్ బ్యాటరీని చంటిపిల్లలా చంకనేసుకుని నాలుగో అంతస్తుకు మోసే టైలరు, నడుములు పడిపోతున్నాయండీ బాబూ అని లేచాడు. ఇంకెవరో చప్పట్లు కొట్టారు.

ఇంకా మొండికేస్తున్న సెక్రటరీని చూస్తే నా నాలుక చివర ఒక మాట ఊరింది. అయ్యా, మీ మనవరాలిని మొదట ఎత్తుకున్న చేతులు ఈవిడవే కదా అని. వదిన నా వంకే చూస్తోంది. మింగేశాను. నా జన్మలో మింగిన మొదటి మాట.

అది లేకుండానే గెలిచాం.

మార్చి 15

లైను రావడానికి నెలలు పడుతుందట. రెండో తల్లికి వారాలే. వదిన హైబ్రిడ్ బుక్ చేసింది. నేను నోరు తెరిచేలోపే, మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి, నీ సిద్ధాంతం వచ్చేదాకా ఆవిడ బిడ్డను ఆపుకోదు అంది.

డబ్బులో నా వాటా నేను ఇచ్చాను.

మార్చి 24

కాలమ్ పంపాను. మా ఇంటికి హైబ్రిడ్ వచ్చిందన్నది మొదటి వాక్యం. మిగతాదంతా యుద్ధమే. ఎడిటర్ ఫోన్ చేసి, ఇది ఓటమి ఒప్పుకోవడమా, ఇంకో దాడా అని అడిగాడు. చదివి చెప్పమన్నాను.

మార్చి 29, మధ్యాహ్నం

రెండో తల్లికి మగపిల్లాడు. చివర్లో ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చిందట. కారు ఆగకుండా వెళ్లిందట.

జులై 2

సెల్లార్‌లో పాయింట్లు వెలిగాయి. అందరికన్నా ముందు తగిలించింది సెక్రటరీ. కొత్త కారు, పూర్తి ఎలక్ట్రిక్. వైరు సరిగ్గా పెట్టానో లేదో కాస్త చూడండి మేడమ్ అని నన్నే పిలిచాడు.

చూశాను. సరిగ్గానే పెట్టాడు, వెధవ.